విరాగి పత్రం

మా కొండమూరుపేటలో కిందటిసారి పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు కుర్రకారు ఓటుకు రాలేదని పైవాళ్లకు కోపం వచ్చింది. అసలు రాలేదని కాదు. డిగ్రీ కాలేజీ పోలింగ్ కేంద్రానికి కొంతమంది వచ్చారట. ఆ రోజు ఊళ్లో కరెంటు పోయింది, అక్కడ జనరేటర్ ఉంది. ఫోన్లు చార్జింగు పెట్టుకుని, నిండగానే వెళ్లిపోయారు.

ఓటర్లను మేల్కొలిపే పని ఓటరు ఉత్తేజ మండలి అనే సంస్థది. మండలివారు అప్పటికే చెయ్యవలసినవన్నీ చేశారు. ఉదయపు పరుగు పెట్టారు. ముగ్గుల పోటీ పెట్టారు. ఓటేసి వచ్చినవాడికి ఐస్‌క్రీము మీద తగ్గింపు అన్నారు. ఒక మనిషికి పెద్ద చూపుడువేలి ఆకారంలో గుడ్డ తొడిగి బజారంతా తిప్పారు. వీధికుక్కలు వెంటపడితే అతను పరుగెత్తుకొచ్చి మా కొట్టులోకి దూరబోయాడు. వేలి గోరు గుమ్మంలో పట్టక అక్కడే ఇరుక్కుపోయాడు. నేను గ్లాసుతో మంచినీళ్లు పట్టుకెళ్లాను గాని ఆ వేలికి నోరెక్కడుందో తెలియలేదు.

మాది పూజాసామాన్ల కొట్టు. నా పేరు చలువాది మల్లికార్జునరావు. పదో తరగతి దాకా చదువుకున్నాను. సాయంత్రాలు కన్యకాపరమేశ్వరి సత్రంలో గీత చెబుతుంటే వెళ్లి కూర్చుంటాను. సగం అర్థమవుతుంది. మిగతా సగం, అర్థమైనవాళ్ల ముఖాలు చూసి సంతోషిస్తాను.

ఏం చేసినా కుర్రాళ్లు కదలకపోవడంతో మండలివారు ఒక తత్వ సలహాదారును నియమించారు. ఆయన పేరు డాక్టర్ గోవర్ధనం. తత్వశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పాఠాలు చెప్పినంత కాలం ఎదురుగా కూర్చుని వినే విద్యార్థి దొరకలేదని ఆయనకొక బాధ ఉండేదట. ఇప్పుడు కాలేజీ ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి కుర్రాణ్నీ ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకున్నారు. ఆ నివేదికను పుర మందిరంలో చదివి వినిపించినప్పుడు నేనూ వెళ్లాను.

ఎవరు గెలవాలని ఉంది అని అడిగితే కుర్రాళ్లు “ఎవరైతే ఏంది” అన్నారట. ఇది సమదృష్టి అన్నారు గోవర్ధనంగారు. పోటీలో ఉన్న ఇద్దరికీ తేడా ఏమిటి అంటే “ఇద్దరూ ఒకటేగా” అన్నారట. ఇది అద్వైతం. ఓటేస్తే ఏమవుతుంది అంటే “ఏం మారిద్ది” అన్నారట. మార్పు లేనిదే సత్యమని పెద్దలు చెప్పినదాన్ని ఈ పిల్లలు టీ తాగుతూ చెప్పగలిగారని చెబుతూ ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మీకేం కావాలి నాయనా అని చివరి ప్రశ్న వేస్తే అందరూ “ఏమొద్దు” అన్నారట.

“ఇది బద్ధకం కాదు. మనమంతా పొరబడ్డాం. ఇది వైరాగ్యం. ఊరూరా మునులు తిరుగుతుంటే మనం వాళ్లకి ఐస్‌క్రీము ఆశ చూపించాం” అన్నారాయన.

మా ఊరికి మండలి తరఫున వచ్చిన ప్రత్యేకాధికారి ఎర్రమిల్లి విద్యాధర్‌గారు లేచి నిలబడి చేతులు జోడించారు. తరవాత మైకు అందుకుని, యువత వైరాగ్య స్థితిని గుర్తించి, గౌరవించి, నమోదు చేయడానికి కొండమూరుపేటను ప్రయోగాత్మక పురపాలికగా ఎంపిక చేయించడమైనదని ప్రకటించారు. ఆయన ఏం మాట్లాడినా చివర అలాగే ముగుస్తుంది. ఒకసారి మా కొట్లో హారతి కర్పూరం కొని, సరుకు స్వీకరించడమైనది అని వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి విరాగి పత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. మూడు సింహాల ముద్ర లేదు గాని తామరపువ్వుల అంచు ఉండేది. పేరు, ఫోటో, దాని కింద ‘ఈ వ్యక్తికి లోకముతో పని లేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది’ అని ఉండేది. పత్రం తీసుకున్నవాడి పేరు ఓటర్ల జాబితాలోంచి తీసేస్తారు. లోకంతో పని లేనివాణ్ని ఓటు వెయ్యమని వేధించడం తపోభంగం కిందికి వస్తుందని విద్యాధర్‌గారు చెప్పారు. అలా తీసేసేకొద్దీ పోలింగు శాతం దానంతటదే పెరుగుతుందన్న సంగతి ఆయనకు తరవాత తెలిసింది. తెలిశాక పత్రాలు ఇంటింటికీ పంపడం మొదలుపెట్టారు. నూటికి నూరు శాతం సాధించిన పురపాలికకు మండలి బంగారు చూపుడువేలు బహూకరిస్తుంది. ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

మా అబ్బాయి కౌశిక్ కూడా పత్రం తీసుకున్నాడు. వాడికి బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు అచ్చువేసే షాపు ఉంది. పోటీచేసేవాళ్లందరి బొమ్మలకూ బుగ్గలు నున్నగా చేసేదీ, పళ్లు తెల్లగా చేసేదీ వాడే. ఒకసారి ఇత్తడి బిందె గుర్తువాడి నవ్వు బాగా కుదిరిందని దాన్నే తీసి తాళంచెవి గుర్తువాడి మూతికి అతికించాడు. ఇద్దరూ మెచ్చుకున్నారు. అప్పటినుంచి వాడికి ఓటంటే లెక్క లేకుండా పోయింది. పత్రం ఎందుకురా అంటే, తీసుకుంటే ఎన్నికల రోజు ఎవరూ వచ్చి తలుపు కొట్టరంట నాన్నా అన్నాడు. నాకది సబబుగా తోచలేదు. కాని ఇంత పెద్ద చదువులు చదివినవాళ్లు వైరాగ్యమని రాసిచ్చిన దాన్ని నేను బద్ధకమని ఎలా అనను? పూజగదిలో పెట్టాను.

ఆ నెలలోనే వాడి పెళ్లి. పిల్ల పేరు హిమబిందు. పొదిలి రోడ్డులో కందిపప్పు మిల్లు ఉన్న కొప్పురావూరి శేషగిరిగారి కూతురు. కల్యాణ మండపం మాట్లాడేశాం, శుభలేఖలు వాడి షాపులోనే వేసుకున్నాం. అంతా సవ్యంగా ఉందనుకుంటున్న సమయంలో శేషగిరిగారు మా కొట్టుకు వచ్చారు. వచ్చీ రాగానే స్టూలు మీద కూర్చునే మనిషి ఆ రోజు నిలబడే ఉన్నారు.

పురపాలక కార్యాలయం గోడ మీద విరాగుల పేర్లు అంటించారట. అందులో కాబోయే అల్లుడి పేరు చూశారు.

“బావగారూ, నేను పప్పుల యాపారం జేసుకునేవోణ్ని. నాకు శాస్త్రం తెలవదు. కానీ సన్నేసం పుచ్చుకున్నోడు సచ్చినోడితో సమానమని మా అమ్మ జెప్పేది. తన పిండం తానే పెట్టుకుని బయటికి నడుస్తాడంట గదా. అట్టాంటోడికి పిల్లనెట్టా ఇచ్చేది?”

అది ఉత్త కాగితమేనని, మావాడు పొద్దున కూడా పెసరట్టు మీద అల్లంచట్నీ తక్కువైందని వాళ్లమ్మ మీద అలిగాడని నేను చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. కాగితం మీదున్నదే రేపు పెళ్లి రిజిస్టరు చేసేచోట చూస్తారు, ముహూర్తం లోపల పేరు తీయించండి, లేదంటే నన్ను తప్పుబట్టొద్దు అని వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన కాసేపటికి హిమబిందు ఫోను చేసింది.

“మామయ్యా, నాకు సన్యాసైనా పర్లేదు. మా నాన్నకే పట్టింపు. కాస్త తొందరగా చూడండి, జాకెట్లు కుట్టడానికి ఇచ్చేశాను” అంది.

నేను విద్యాధర్‌గారి దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆయన గది ముందు జనం ఉన్నారు. విరాగి పత్రం ఉన్నవాడి పేరున మోటారు సైకిలు ఉండకూడదని రవాణా ఆఫీసువాళ్లు, సిమ్ కార్డు ఉండకూడదని ఫోనువాళ్లు పట్టుకున్నారు. ఒక కుర్రాడికి బ్యాంకులో అప్పు పుట్టలేదు. మరొకడి కబడ్డీ జట్టు అర్హత పోయింది, పట్టుకోవాలనే కోరిక లేనివాడు కూతకొచ్చిన మనిషిని ఎలా పట్టుకుంటాడని. అందరూ పత్రం వెనక్కి తీసుకోమంటున్నారు.

విద్యాధర్‌గారు నన్ను మర్యాదగానే కూర్చోబెట్టారు. కాని కుదరదన్నారు. “సన్యాసంలోకి వెళ్లే దారి ఉంది గాని తిరిగొచ్చే దారి శాస్త్రంలో లేదండి. పైగా మా నిబంధనావళిలో కూడా లేదు” అన్నారు.

పక్కనే ఉన్న గోవర్ధనంగారు మాత్రం కొంచెం జాలిపడ్డారు. కోరిక మిగిలి ఉన్నట్టు నిరూపణ అయితే అది కచ్చా వైరాగ్యమని తేల్చి వెనక్కి పంపవచ్చునన్నారు. కోరికను ఎలా నిరూపించాలో ఇద్దరూ చాలాసేపు చర్చించారు. చివరికి మన పెద్దలు పసిపిల్లల అన్నప్రాశనలో చేయించే పనే అన్నిటికన్నా శాస్త్రీయమని తీర్మానమైంది.

అలా మా ఊరి విరాగులందరికీ పుర మందిరంలో రెండో అన్నప్రాశన జరిగింది. జంపఖానా పరిచి ఒక చివర పుస్తకం, కలం, కత్తి, పూలదండ, బంగారు గొలుసు వరసగా పెట్టారు. మధ్యలో నమూనా ఓటింగు యంత్రం పెట్టారు. ఆ గొలుసు విద్యాధర్‌గారి భార్యది. దానికొక కానిస్టేబులు కాపలా. గడ్డాలు పెంచిన కుర్రాళ్లు ఒక్కొక్కరే రెండో చివరనుంచి పాక్కుంటూ రావాలి. చేయి దేనిమీద పడితే వాడి మనసు దానిమీద ఉన్నట్టు. నడిచి రావడం చెల్లదన్నారు. నడిచేవాడు ఆలోచించి వస్తాడట, పాకేవాడు స్వభావం కొద్దీ వస్తాడట.

మావాడి వంతు వచ్చేసరికి నా భార్య సీతారత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాతికేళ్ల కిందట వాడు ఎటు పాకాడో నేను మరిచిపోయాను గాని ఆమె మరిచిపోలేదు. పూలదండ తిన్నాడట. ఇప్పుడు వాడు మోకాళ్ల మీద సూటిగా వెళ్లి ఓటింగు యంత్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. వాడొక్కడే కాదు, అందరూ దాన్నే పట్టుకున్నారు. ఒకడైతే వదలలేదు, విడిపించవలసి వచ్చింది.

నేను శేషగిరిగారికి ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. అంతలో గోవర్ధనంగారు లేచారు. ఆయన ముఖం వాడిపోయి ఉంది. వీళ్లెవరూ యంత్రం మీద ప్రేమతో యంత్రాన్ని పట్టుకోలేదు, దాని వల్ల వచ్చే బండి కోసం, సిమ్ము కోసం, పెళ్లి కోసం పట్టుకున్నారు, ఇది ఫలాపేక్ష, ఫలం కోరి చేసిన పని పరీక్షలో లెక్కకు రాదు అన్నారు. విద్యాధర్‌గారు గబగబా తల ఊపారు. వీళ్లందరినీ మళ్లీ జాబితాలోకి ఎక్కిస్తే శాతం ఏమవుతుందో కుర్రాళ్లు పాకుతున్నంతసేపూ ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు.

నాకు వాదించడం చేతకాదు. తెలియనిది అడగడం మాత్రం సత్రంలో అలవాటైంది. లేచి నిలబడి అడిగాను.

“అయ్యా, కోరిక లేనివాడు సన్యాసి, వాడికి ఓటు లేదన్నారు. కోరికతో పట్టుకున్నవాడు పనికిరాడంటున్నారు. మరి ఓటుకు తగినవాడు ఎవరండీ?”

ఆ ప్రశ్న అడగకుండా ఉంటే ఊరికి కొంత మేలు జరిగేది. గోవర్ధనంగారు కళ్లు మూసుకున్నారు. తెరిచి, సంసారంలో ఉంటూ, ఫలం మీద ఆశ లేకుండా, కర్తవ్యమని ఓటు వేసేవాడే అసలైన ఓటరు, ఇంతకాలం ఈ పరీక్ష పెద్దలకు పెట్టకపోవడం మన లోపం అన్నారు. పెద్దలకు పరీక్ష నిర్వహించడానికి అక్కడికక్కడే నిర్ణయించడమైనది.

పెద్దలకు పాకే పని పెట్టలేదు. కిందటిసారి ఓటు వేస్తూ ఏం కోరుకున్నారు అని ఒక్క ప్రశ్న అడిగేవారు. మా ఊరివాళ్లు దాచుకోకుండా చెప్పారు. మా వీధి కాలువ మీద బండలు వేయిస్తాడని వేశానన్నాడు ఒకాయన. పింఛను కోసం అన్నది ఒక ముసలమ్మ. మావాడు గదండీ అన్నారు చాలామంది. ఎదుటివాడు ఓడిపోతే వాడి ముఖం చూద్దామని వేశానన్నాడు మా పక్క కొట్టు గాజుల సాంబయ్య. తాళంచెవివాళ్లు బిర్యానీ పెట్టారు, బిందెవాళ్లు పులిహోర పెట్టారు, ఆకలిని బట్టి వేశామని కొందరు చెప్పారు. అందరినీ సకామ ఓటర్లని రాసి జాబితాలోంచి తీసేశారు.

నా వంతు వచ్చింది. కిందటిసారి నేను నిజంగా ఏమీ కోరుకోలేదు. మా నాన్న ఓట్ల రోజున తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని, వేసొచ్చాకే కాఫీ తాగేవాడు. నేనూ అలాగే వెళ్లి వస్తుంటాను. ఎవరికి వేశానో వచ్చేదారిలోనే మరిచిపోతుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

గోవర్ధనంగారు కుర్చీలోంచి లేచి నా చేతులు పట్టుకున్నారు. అలా ఆ సాయంత్రానికి కొండమూరుపేట ఓటర్ల జాబితాలో నా పేరు ఒక్కటే మిగిలింది.

తరవాతి రోజులు గడవడం కష్టమైంది. నా మనసులో కొత్త కోరిక పుట్టకుండా చూడటానికి ఇంటి దగ్గర ఒక కానిస్టేబులును పెట్టారు. అతని పేరు ఏసోబు, మంచివాడు. అన్నంలోకి ఇంకొంచెం నెయ్యి వెయ్యమని సీతారత్నాన్ని అడగబోతే గుమ్మం దగ్గర సన్నగా దగ్గేవాడు. ఆమెకు ఆ దగ్గు నచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లకు తను పెట్టింది తిని లేచే మనిషినయ్యానని, ఎన్నికలయ్యాక కూడా ఏసోబును ఉంచుకోవచ్చేమో కనుక్కోమంది.

పోటీచేసేవాళ్లు ఇద్దరూ కొట్టుకు వచ్చారు. ఏదైనా ఇస్తామంటే నాకు ఆశ పుడుతుంది, ఆశ పుడితే ఉన్న ఒక్క ఓటూ పోతుంది. అందుకని ఇత్తడి బిందె ఆయన చేతులు జోడించి, “మల్లికార్జునరావుగారూ, గెలిస్తే మీకుగాని, మీ వీధికిగాని ఏం జెయ్యనని దేవుడి మీద ప్రమాణం జేస్తన్నా” అన్నాడు. ఆయన వెనక ఉన్నవాళ్లు ఇంతకుముందు కూడా ఏం చెయ్యలేదు, కావాలంటే చూసుకోండి అన్నారు.

తాళంచెవి ఆయన కొంచెం తెలివైనవాడు. అగరొత్తులు బేరం చేస్తున్నట్టు వంగి, తను గెలిస్తే మొదటి సమావేశంలోనే ఈ విరాగి పత్రాలన్నీ చింపించేస్తానని, కోరుకోవద్దు, ఊరికే తెలుసుకుని ఉండండి అని చెవిలో చెప్పి వెళ్లిపోయాడు. ఏసోబు దగ్గాడు గాని ఆలస్యమైపోయింది.

అప్పటినుంచి ఇంట్లో అందరికీ తాళంచెవి మీదే ధ్యాస. సీతారత్నం నన్ను పూజగదిలోకి పిలిచి, “వేసేది తాళంచెవికి వెయ్యి. అడిగితే ఏం కోరుకోలేదని చెప్పు. పిల్లాడి పెళ్లి కోసం ఒక్క అబద్ధం ఆడితే ఆ దేవుడేం అనుకోడు” అంది. శేషగిరిగారు కూడా కబురంపారు. ముహూర్తం పోలింగు అయిన నాలుగో నాటికి ఉంది, అప్పటిదాకా ఆగుతాను, ఆపైన ఆగను అని. కౌశిక్ మాత్రం నా ముఖం చూసి తలుపు చాటుకు వెళ్లి హిమబిందుతో ఫోనులో మాట్లాడేవాడు. విరాగి పేరున ఫోను ఉండకూడదు గనక వాళ్లమ్మ ఫోనులో.

పోలింగు రోజు వచ్చింది. తలంటుకుని, ఉతికిన పంచె కట్టుకుని డిగ్రీ కాలేజీకి నడిచాను. దారి పొడుగునా జనం. విరాగులందరూ కాలేజీ బయట గుంపుగా నిలబడి ఉన్నారు. ఓటు ఉన్నప్పుడు ఇటు తిరిగి చూడనివాళ్లు, లేనప్పుడు ఒకడు వేస్తుంటే చూడటానికి తెల్లారేసరికి వచ్చారు. ఒక్కొక్కడికీ నా వేలి మీద ఏదో ఒకటి ఆధారపడి ఉంది. బండి కొందరికి, ఫోను కొందరికి. మావాడికి పెళ్లి.

లోపల అధికారులు వరసగా కూర్చుని నాకోసమే చూస్తున్నారు. వేలికి సిరా పెట్టించుకుని అట్టపెట్టె చాటుకు వెళ్లి యంత్రం ముందు నిలబడ్డాను. ప్రతిసారీ అక్కడ నిలబడగానే మనసు ఖాళీగా ఉండేది. ఈసారి అలా లేదు. కళ్లు మూసుకుంటే హిమబిందు జాకెట్లు కనిపించాయి. గుళ్లో అయితే ఇంత స్పష్టంగా ఎన్నడూ ఏమీ కోరలేదు. తాళంచెవి మీద నొక్కాను.

అట్టపెట్టె చాటునుంచి ఇవతలికి రాగానే విద్యాధర్‌గారు, గోవర్ధనంగారు ఎదురుగా నిలబడ్డారు. విద్యాధర్‌గారి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నూటికి నూరు శాతం పూర్తయింది. ఇక ఒక్క మాట మిగిలింది. ఏమైనా కోరుకున్నారా అని అడిగారు. కిటికీలోంచి సీతారత్నం నాకేసి చూస్తూ అడ్డంగా తల ఊపుతోంది.

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. కాని ఉతికిన పంచెతో ఉన్నాను.

“కోరుకున్నానండి.”

“ఏం కోరుకున్నారు?”

“నా కొడుకు పెళ్లి.”

గోవర్ధనంగారు పక్కకు తిరిగారు. విద్యాధర్‌గారు నా ఓటు రద్దు చేశారు. జాబితాలోంచి నా పేరు తీసేశారు. కిటికీ దగ్గర సీతారత్నం కనిపించలేదు. అక్కడి బల్ల మీదే కూర్చుండిపోయాను. పెళ్లి నా నోటితో నేనే చెడగొట్టాను.

విద్యాధర్‌గారు మాత్రం ధైర్యంగానే మండలి పెద్ద ఆఫీసుకు ఫోను చేశారు. ఓటర్లు సున్నా, పడిన ఓట్లు సున్నా, వెయ్యనివాడు ఒక్కడూ లేడు, కనుక నూరు శాతం సాధించడమైనది అన్నారు. అవతలివాళ్లు కాసేపు మాట్లాడుకున్నారు. సున్నాలో సున్నా ఎంత శాతమో తేల్చి చెప్పేవాళ్లు వాళ్ల ఆఫీసులో దొరకలేదు. ఒక్క ఓటైనా పడితేనే చూపుడువేలు, పోలింగు ముగిసేలోపు ఓటరును సమకూర్చుకోండి అని పెట్టేశారు.

ఫోను జేబులో పెట్టుకునేసరికి విద్యాధర్‌గారి ముఖంలో రంగు మారింది. నాకు ఆ ముఖం బాగా తెలుసు. పరీక్షల ముందు కొబ్బరికాయలు కొనడానికి వచ్చే తల్లిదండ్రుల ముఖం అలాగే ఉంటుంది. ఆయన గోవర్ధనంగారి చెయ్యి పట్టుకుని ఏదైనా దారి చూడమన్నారు. గోవర్ధనంగారు ఆలోచించి, ఆపద్ధర్మం అనేదొకటుంది, దేశానికి ఆపద వచ్చినప్పుడు సన్యాసిని కూడా పిలిచి పని చేయించుకోవచ్చు అన్నారు. వచ్చింది దేశానికేనా అని నేను అడుగుదామనుకుని, కిందటిసారి అడిగినది గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇద్దరూ మైకు పట్టుకుని మెట్ల మీదికి వెళ్లారు. మీలో ఓటు వేయాలనే కోరిక ఎవరికైనా ఉందా అని విద్యాధర్‌గారు అడిగారు. ఒక్క విరాగీ మాట్లాడలేదు. అన్నప్రాశన వాళ్లకింకా మరుపుకు రాలేదు. చివరికి మా కౌశిక్ చెయ్యి ఎత్తాడు.

“సార్, ఉందంటే తీసేస్తారా, లేదంటే తీసేస్తారా?”

“ఏదన్నా ఉంచుతాం నాయనా.”

“పత్రం?”

“రద్దు చేస్తాం.”

“అందరిదీ?”

విద్యాధర్‌గారు ఆగిపోయారు. ఒక్కణ్ని రాసుకుంటే ఒక్క ఓటుతో పని అయిపోతుంది. అందరినీ రాసుకుంటే అందరూ వెయ్యాలి. ఏ ఒక్కడు జారుకున్నా నూరు శాతం పోతుంది. అందర్నీ రాయకపోతే నేను రాను, నా వెనక ఒక్కడు కూడా రాడు అన్నాడు మావాడు. వాడు అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఫ్లెక్సీల బకాయిల దగ్గర కూడా మెత్తగా మాట్లాడతాడు.

రాశారు. అక్కడే మెట్ల మీద బల్లలు వేసి విరాగి పత్రాలన్నీ తీసుకుని అడ్డంగా గీతలు కొట్టారు. ఇది చూసి పెద్దవాళ్లు కూడా వచ్చి మమ్మల్నీ రాసుకోమన్నారు గాని, మీ కోరికలు మరీ ఎక్కువ, ఆపద్ధర్మం కిందికి రావు అని గోవర్ధనంగారు పంపేశారు. అందుచేత ఆ ఎన్నికల్లో మా ఊళ్లో కుర్రకారు మాత్రమే ఓటు వేశారు.

ఆ వరసను విద్యాధర్‌గారు కాపలా కాసినట్టు కన్నతల్లి కూడా కాయదు. ఎండలో ఎవడైనా వెళ్లిపోతాడేమోనని మజ్జిగ తెప్పించారు. విసుగు పుట్టకుండా ఫోన్లకు చార్జింగు వైర్లు వేయించారు. క్షవరానికని జారుకున్న ఒకణ్ని సగం గడ్డంతో మంగలిషాపు నుంచి ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఎవరికి వేసినా సరే బాబూ, వెయ్యండి అని ఒక్కొక్కణ్నీ బతిమాలుతుంటే, ఇన్ని కోరికలు పరీక్షించిన మనిషి కోరిక ఇంత పెద్దదా అని గోవర్ధనంగారు స్టూలు మీద కూర్చుని ఆశ్చర్యంగా చూస్తుండిపోయారు.

కౌశిక్ బయటికి వచ్చేసరికి శేషగిరిగారు మెట్ల దగ్గరే ఉన్నారు. వాడి చెయ్యి పట్టుకుని, సిరాను బొటనవేలితో రుద్ది చూశారు. పోలేదు.

“ఓటేసినోడు సచ్చినోడెట్టా అవుతాడు బావగారూ. ముహూర్తం అదే” అన్నారు నాతో. ఆయన గొంతులో కూడా బరువు దిగినట్టు వినిపించింది.

సీతారత్నం ఎక్కడినుంచో వచ్చి వాడి నెత్తి మీద మెటికలు విరిచింది. నాకేసి చూడలేదు. ఇంటికెళ్లాక చూస్తుందని తెలుసు.

మావాడు వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. వేలికేసి చూసుకుంటున్నాడు.

“ఇంతేనా నాన్నా? నొక్కితే కుయ్యిమంది. ఇంకేం కాలా.”

“అంతేరా. రోజూ దీపం పెడితే మాత్రం ఏమయిద్ది? ఎవురూ వచ్చి భుజం తట్టరు.”

“మరెందుకు పెడతావు?”

గోవర్ధనంగారైతే ఏదో ఒక పెద్ద మాట చెప్పేవారు.

“పెట్టని రోజు ఇల్లు నాది కాదనిపిస్తదిరా” అన్నాను.

వాడు లేచి వెళ్లి, వరసలోంచి మెల్లగా పక్కకు జరుగుతున్న స్నేహితుడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగి నిలబెట్టాడు.

మా ఊరికి బంగారు చూపుడువేలు వచ్చింది. బంగారం కాదు, పూత. గెలిచింది ఎవరైనా వాళ్ల నవ్వు మావాడు వేసిందే గనక నేను పట్టించుకోలేదు. పెళ్లి బాగా జరిగింది. విద్యాధర్‌గారు కూడా వచ్చి భోజనం చేసి, ఆశీస్సులు అందజేయడమైనది అన్నారు. పెద్దవాళ్ల పేర్లు ఆ తరవాత నెమ్మదిగా మళ్లీ జాబితాలోకి ఎక్కించారు. నా పేరు మాత్రం ఇంకా ఎక్కలేదు. పోలింగు గదిలో, ఇద్దరు అధికారుల ఎదుట, నోరారా కోరిక ఒప్పుకున్నవాణ్ని నేనొక్కణ్నే. మీ కోరిక పూర్తిగా తీరాక అర్జీ పెట్టుకోండి అన్నారు.

పెళ్లయ్యాక పెట్టుకుందామనే కూర్చున్నాను. కలం తీసేలోపల మనవడి మీదికి పోయింది మనసు. అందుకని ఆగాను.